నెల్లూరులో అమ్మకి డయాలసిస్ చేయించే సెంటర్ ఎలా ఉంది, ముఖ్యంగా నీళ్ల విషయంలో

పొగతోట వైపు డయాలసిస్ సెంటర్ వెతుక్కుంటున్న బంధువులు, తెలిసినవాళ్లు తరచూ ఫోన్ చేసి అమ్మకి యాడ చేయిస్తున్నారు, ఎట్టా ఉంది, మావాళ్లని కూడా అక్కడే చేర్చమంటారా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నా. సెంటర్ పేరు రాయడం లేదు, ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పైగా మీరు ఏ ఊళ్లో చేర్పించినా చూసుకోవాల్సినవి ఇవే. నా మార్కులు 5కి 4. ఆ నాలుగూ దాదాపు నీళ్లకే ఇచ్చాను.

సెంటర్ ఎంచుకునేటప్పుడు అందరూ ఏసీ ఎట్టా ఉంది, బెడ్లు కొత్తవా, టీవీ ఉందా, బండి పెట్టుకోవడానికి చోటుందా అని చూస్తారు. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు పడుకోవాల్సిన మనిషికి అవి అక్కర్లేదని నేను అనను. కానీ ప్రాణం ఆధారపడేది రెండు నీళ్ల మీద. మిషన్‌లోకి వచ్చే నీళ్లు ఒకటి, మనిషి ఒంట్లోంచి తీసే నీళ్లు రెండోది. ఈ రెండూ ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే మంచిగా ఉన్న రోజుల్లో కిడ్నీ ఏం చేసేదో కొంచెం తెలియాలి. ఓపికగా చదవండి, సెంటర్ సంగతి తర్వాత వస్తుంది.

కిడ్నీ ఒక్కోటి 150 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. అంత చిన్న రెండు అవయవాలకి గుండె తను పంపే రక్తంలో ఐదో వంతు పంపుతుంది, అంటే నిమిషానికి లీటరుకి పైగా. లోపల ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా నెఫ్రాన్లు ఉంటాయి. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్న రక్తనాళాల ఉండ ఉంటుంది, అక్కడ రక్తం ప్రెషర్‌కి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ లాంటి వ్యర్థాలు అన్నీ వడకట్టుకుని గొట్టంలోకి జారిపోతాయి, రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు మాత్రం రక్తంలోనే ఆగిపోతాయి. అలా రోజుకి వడకట్టేది సుమారు 180 లీటర్లు. మన ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు పోను మిగిలే ద్రవం, ఉండేదే మూడు లీటర్లు, అంటే అదే ద్రవం రోజుకి 60 సార్లు వడపోతకి వెళ్లొస్తోంది.

మరి మనం పోసేది లీటరున్నర, రెండు లీటర్లే కదా. మిగతాదంతా గొట్టాలు వెనక్కి తీసేసుకుంటాయి. భోగికి ముందు ఇంట్లో సామానంతా వాకిట్లోకి తెచ్చి పెట్టి, పనికొచ్చేవి మాత్రం లోపలికి సర్దుకుని, మిగిలినవి బయటికి పారేస్తాం చూడండి, కిడ్నీ చేసేది అదే. చెత్త ఏదో వెతికి పట్టుకోవడం దాని పద్ధతి కాదు, అన్నీ బయటికి వదిలి కావాల్సినవి తిరిగి తీసుకోవడం దాని పద్ధతి. మొదటి గొట్టంలోనే మూడింట రెండు వంతుల నీరు, ఉప్పు, దాదాపు చక్కెర మొత్తం వెనక్కి వచ్చేస్తాయి. ఆ తర్వాత హెన్లే లూప్ అనే మెలిక కిడ్నీ లోపలి భాగాన్ని బాగా ఉప్పగా తయారుచేసి పెడుతుంది. చివరి గొట్టం ఆ ఉప్పటి చోటు గుండా పోయేటప్పుడు ఎంత నీరు మిగుల్చుకోవాలి, ఎంత వదలాలి అన్నది తేలుతుంది.

నాకు బాగా ఆశ్చర్యం అనిపించింది ఈ చివరి భాగమే. రక్తంలో ఉప్పు చిక్కదనం ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు కనిపెట్టేస్తుంది. ఒకపక్క దాహం పుట్టిస్తుంది, ఇంకోపక్క ఏడీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది. ఆ హార్మోన్ వచ్చి చెప్పగానే చివరి గొట్టం గోడలో ఆక్వాపోరిన్లు అనే నీటి ద్వారాలు తెరుచుకుని నీరు వెనక్కి పోతుంది. ఈ ఆక్వాపోరిన్లని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. రోహిణి కార్తె ఎండలో ఆత్మకూరు వైపు పొలంలో పనిచేసొచ్చిన మనిషికి మూత్రం కొంచెంగా, ముదురు పసుపుగా వస్తుందంటే కిడ్నీ నీళ్లు దాచిపెడుతోందని అర్థం. అదే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి చెంబుడు నీళ్లు తాగితే గంటకల్లా తెల్లగా పోస్తాడు. ఎంత పొదుపు చేసినా రోజుకి అరలీటరు దాకా మూత్రం పోవాల్సిందే, ఒంట్లో తయారయ్యే వ్యర్థాల్ని మోసుకుపోవడానికి ఆ మాత్రం నీరు కావాలి.

ఇదంతా రాత్రీపగలూ, మనం నిద్రపోతున్నా, క్షణం ఆగకుండా జరిగే పని. అమ్మకి ఏళ్ల తరబడి ఉన్న షుగర్, బీపీ కలిసి ఆ వడపోతని దెబ్బతీశాయి. వారంలో 168 గంటలు జరగాల్సిన పనిని ఇప్పుడు ఒక మిషన్ 12 గంటల్లో చేస్తోంది. ఈ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకుంటే డయాలసిస్ సెంటర్‌లో ఏది ముఖ్యమో, ఏది కాదో మీకే తెలిసిపోతుంది.

ఇక సెంటర్. లోపలికి పోగానే అమ్మని మొదట కాటా ఎక్కిస్తారు. ఎప్పుడూ అదే కాటా, చెప్పులు విప్పించి, చేతిసంచి పక్కన పెట్టించి. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువుని డ్రై వెయిట్ అంటారు, అమ్మది 50 కిలోలు. కాటా మీద 52 చూపిస్తే ఆ రెండు కిలోలూ ఈ రెండు రోజుల్లో ఒంట్లో చేరిన నీళ్లే. అప్పుడు టెక్నీషియన్ అబ్బాయి, కోవూరు వైపు వాడు, అడుగుతాడు: "ఏం పెద్దమ్మా, ఇన్ని నీళ్లు ఎట్టా చేరినాయి?" అమ్మ ఎప్పుడూ ఒకటే చెబుతుంది: "తాగలేదు నాయనా, రసం పోసుకుని రెండు ముద్దలు తిన్నా, అంతే." ఆ అబ్బాయి విసుక్కోడు. రసంలో ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు పడిందో కూర్చుని అడుగుతాడు. ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు, నా దృష్టిలో సెంటర్ మొత్తంలో ఇదే పెద్ద విషయం.

ఎందుకో చెబుతా. మేము దీనికి ముందు ఇంకో చోట చేయించేవాళ్లం. చూడ్డానికి చాలా బాగుండేది, కొత్త బెడ్లు, పెద్ద టీవీ. బరువు మాత్రం మమ్మల్నే చూసి చెప్పమనేవాళ్లు, "ఎంత తీయమంటారు?" అని మమ్మల్నే అడిగేవాళ్లు. ఒకరోజు రష్ ఎక్కువగా ఉందని టైం తగ్గించి, తీయాల్సిన నీళ్లు మాత్రం తగ్గించకుండా లాగేశారు. చివరి గంటలో అమ్మకి పిక్కలు పట్టేసి, చెమటలు పోసి, బీపీ పడిపోయి కళ్లు తేలేసింది. సెలైన్ ఎక్కించి కాళ్లు ఎత్తిపెడితేగానీ తేరుకోలేదు. ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు.

అక్కడ జరిగింది ఏంటంటే, మిషన్ నీళ్లు తీసేది రక్తంలోంచి మాత్రమే. వాచిన కాళ్లలో, ఒంట్లో మిగతా చోట్ల చేరిన నీరు మెల్లగా రక్తనాళాల్లోకి ఊరితేనే మిషన్‌కి అందుతుంది. ఊరే వేగం కంటే లాగే వేగం ఎక్కువైతే రక్తం తగ్గిపోయి బీపీ పడుతుంది, అలా మాటిమాటికీ జరిగితే గుండెకి కూడా దెబ్బ. అందుకే కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటకూడదని డాక్టర్లు ఒక హద్దు చెబుతారు. 50 కిలోల మనిషికి అది గంటకి 650, నాలుగు గంటలకి 2.6 లీటర్లు. ఇప్పుడున్న సెంటర్‌లో ఈ లెక్క బోర్డు మీద రాసిపెట్టారు. మా పేషెంట్‌కి ఎంత వేగంతో తీస్తున్నారు అని మీరు అడగండి, జవాబు చెప్పలేకపోతే ఆ సెంటర్ గురించి ఇంకోసారి ఆలోచించండి. ఆ హద్దుకి మించి నీళ్లు చేరితే ఇక్కడ టైం పెంచుతారు, లేదా ఇంకోరోజు అదనంగా రమ్మంటారు. తొందరపెట్టి పంపేయరు.

మిషన్‌ని దగ్గర్నుంచి ఎప్పుడూ చూడనివాళ్లకి భయంగా ఉంటుంది, మొదట్లో అమ్మకీ అంతే. మణికట్టు దగ్గర ఆపరేషన్ చేసి ధమనిని సిరతో కలుపుతారు, దాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల జుమ్మని కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనం ఉన్నంతకాలం ఫిస్టులా పనిచేస్తున్నట్టు, రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకోవాలి, ఆగిపోతే ఆ క్షణమే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, బరువులు మోయనివ్వకండి. రెండు సూదులు గుచ్చి, ఒకదాంట్లోంచి నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల రక్తం బయటికి తీసి, డయలైజర్ గుండా పంపి, రెండోదాంట్లోంచి లోపలికి పంపుతారు. డయలైజర్ అంటే జానెడు పైచిలుకు పొడవున్న పారదర్శకమైన గొట్టం, లోపల వేలకొద్దీ బోలు దారాలు. రక్తం వదలగానే తెల్లగా ఉన్నది ఒక చివర నుంచి రెండో చివరకి ఎర్రబారుతూ పోతుంది. దారాల లోపల రక్తం, బయట ఎదురు దిశలో డయాలిసేట్ అనే ద్రవం. మధ్యలో సన్నని పొర. రక్తంలో ఎక్కువైన యూరియా, పొటాషియం పొరలోంచి ఆ ద్రవంలోకి పోతాయి.

మొదటి నీళ్లు అన్నది ఇక్కడ వస్తుంది. ఆ ద్రవం నిమిషానికి అరలీటరు పారుతుంది, నాలుగు గంటలకి 120 లీటర్లు. మనం తాగే నీళ్లు రోజుకి రెండు మూడు లీటర్లు, అదీ పేగుల గోడ దాటి, బాగున్న కిడ్నీల అదుపులో ఉండి పోతుంది. డయాలసిస్‌లో అటువంటి అడ్డు ఏదీ లేదు, ఆ సన్నపొర తప్ప. నీళ్లలో ఉన్న క్లోరిన్ సరిగ్గా తీయకపోతే రక్తకణాలు పగిలిపోతాయి. అల్యూమినియం ఉంటే ఎముకలకీ, మెదడుకీ దెబ్బ. 1993లో అమెరికాలో చికాగోలోని ఒక డయాలసిస్ యూనిట్‌లో శుద్ధి చేసే ట్యాంకుల్లోంచి ఫ్లోరైడ్ వదిలేసి ముగ్గురు పేషెంట్లు చనిపోయారు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు అనే ఊళ్లో చెరువు నాచు విషం నీళ్లలో కలిసి 50 మందికి పైగా పోయారు. ఉదయగిరి వైపు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎట్టా ఉంటాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి ఇది ఎక్కడో జరిగిన సంగతి అని తీసిపారేయకండి.

మేము చేరేముందు నేను ఆర్‌ఓ రూమ్ చూపించమని అడిగితే, అడిగిన వెంటనే తాళం తీసి చూపించారు. ఇసుక ఫిల్టర్, నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్, క్లోరిన్ పీల్చుకునే కార్బన్ ట్యాంకులు వరసగా రెండు, ఆ తర్వాత ఆర్‌ఓ. గోడకి ఒక రిజిస్టర్ వేలాడుతుంది, ప్రతి షిఫ్ట్‌కి ముందు క్లోరిన్ టెస్ట్ చేసి సంతకం పెడతారు. నెలకోసారి బ్యాక్టీరియా పరీక్షకి నీళ్లు ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్టు ఫైల్‌లో ఉంది, చూపించారు. ఎండాకాలం బోరు తగ్గి ట్యాంకర్ నీళ్లు పోయించుకున్నప్పుడు ఆ నీళ్లని కూడా మొదట్నుంచి పరీక్ష చేశాకే మిషన్లు ఆన్ చేశారు, దాంతో ఆరోజు అందరికీ బాగా ఆలస్యమైంది, కొందరు గొడవపడ్డారు కూడా. నేను మాత్రం సెంటర్ వైపే మాట్లాడాను. ఆ ఆలస్యానికి నేను మార్కులు ఇంకా పెంచాను.

ఇంట్లో ఏం చేయాలో కూడా ఇక్కడే నేర్చుకున్నాం. కిడ్నీ పేషెంట్ అనగానే అందరూ నీళ్లు తగ్గించు, నీళ్లు తగ్గించు అని వెంటపడతారు. అసలు తగ్గించాల్సింది ఉప్పు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన ఒంట్లో ద్రవాలు కూడా ఇంచుమించు అదే ఉప్పదనంలో ఉండాలి. కాబట్టి బయటికి పోయే దారి లేకుండా 8, 9 గ్రాముల ఉప్పు లోపల చేరిందంటే దానికి సరిపడా లీటరు నీళ్లు తాగేదాకా దాహం ఆగదు. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు తిననిచ్చి నీళ్లు తాగొద్దని తిట్టడం అన్యాయం. మా ఇంట్లో చేపల పులుసు మానలేదు, నెల్లూరులో పుట్టి అది మానమంటే ఎట్టా, కాకపోతే ఉప్పు బాగా తగ్గించి, అమ్మకి ముక్క ఎక్కువ, పులుసు తక్కువ వడ్డిస్తాం. డయాలసిస్ మొదలైనవాళ్లకి ప్రోటీన్ కావాలి, చేప, గుడ్డు తెల్లసొన తినాలి. మిషన్‌లో సోడియం ఎక్కువ పెట్టినా ఇంటికొచ్చాక దాహం వేస్తుంది, అది డాక్టర్‌ని అడిగి సరిచేయించుకున్నాం.

చూడ్డానికి వచ్చే చుట్టాలకి ఒక మాట. దయచేసి కొబ్బరి బొండాలు, అరటిపళ్లు, బత్తాయి రసం తేకండి. వాటిలో పొటాషియం ఎక్కువ. బాగున్న కిడ్నీ దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది, వీళ్లకి అది రక్తంలో పేరుకుని గుండె కొట్టుకోవడమే ఆగిపోవచ్చు. శని, ఆదివారాలు రెండూ కలిసి డయాలసిస్‌కి గ్యాప్ ఎక్కువ వచ్చినప్పుడు మరీ ప్రమాదం. షాపుల్లో అమ్మే "లో సోడియం" ఉప్పు కూడా కొనకండి, చాలావాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

ఇప్పుడు ఫిర్యాదులు. ఎక్కడా దాచను. సాయంత్రం షిఫ్ట్‌లో స్టాఫ్ సరిపోరు, రెండు మిషన్లు ఒకేసారి అలారం కొడితే ఒకటి కొట్టుకుంటూనే ఉంటుంది. టాయిలెట్ చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు లేదు, ఇలాంటి చోట అది ఘోరం. డైటీషియన్ అని బోర్డు ఉంది, మనిషి కనిపించేది ఎప్పుడో. తిండి కాగితం ఇంగ్లీషులో ఇస్తారు, అందులో ఓట్స్, బ్రకోలీ అని ఉంటుంది, సంగటి తినొచ్చా, గోంగూర తినొచ్చా అంటే అందులో జవాబు లేదు. తెలుగులో మన వంటల పేర్లతో ఒక కాగితం వేయించమని రాసిచ్చాం, ఇంకా వేయించలేదు. డయలైజర్‌ని అదే పేషెంట్‌కి శుభ్రం చేసి మళ్లీ వాడతారు, మన దగ్గర చాలాచోట్ల అంతే, అది తప్పు కాదు. కానీ దాని మీద పేరు, ఎన్నోసారి వాడుతున్నారో మార్కర్‌తో రాస్తారు, ఆ అక్షరాలు ఒక్కోసారి చెరిగిపోయి ఉంటాయి. నేను ప్రతిసారీ పేరు చదివి, క్రిమిసంహారక మందు పూర్తిగా కడిగేశారో లేదో స్ట్రిప్‌తో చూపించమని అడుగుతా. మీరూ అడగండి, మొహమాటపడకండి.

మిషన్ చేయలేనివి కూడా ఉన్నాయి, దానికి సెంటర్‌ని తప్పుపట్టను. రక్తం తయారీకి ఎముక మజ్జకి కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ కిడ్నీ నుంచే రావాలి, విటమిన్ డి చివరికి పనికొచ్చే రూపంలోకి మారేది అక్కడే. అందుకే ఆ ఇంజెక్షన్లు, బిళ్లలు. అమ్మకి హిమోగ్లోబిన్ తగ్గి ఆయాసం వచ్చినప్పుడు "ఇన్నిసార్లు డయాలసిస్ చేయిస్తున్నా ఇదేంది" అని మా పిన్ని గొడవపడింది, వడపోత వేరు, ఈ హార్మోన్ వేరు అని డాక్టర్‌గారు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ఆ ఓపిక నాకు నచ్చింది. అక్కడే ఆయన ఇంకో మాట చెప్పారు, షుగర్ ఉన్న పిన్ని క్రియాటినిన్ నార్మల్ ఉందని ధీమాగా ఉండకూడదు, వడపోత సగానికి పడిపోయేదాకా అది పెద్దగా పెరగకపోవచ్చు, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష ఏడాదికోసారి చేయించుకోమని. చేయించాం.

చేరాలనుకునేవాళ్లకి చివరిగా కొన్ని వివరాలు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అయితే డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, కార్డు, ఆధార్, నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టర్ రాసిన కాగితం పట్టుకెళ్లండి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు లేకుండా బెడ్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ఇక్కడ మిషన్ వేరే గదిలో ఉంది. పొద్దున షిఫ్ట్ నిండిపోయింది. ఆత్మకూరు, బుచ్చి వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు మధ్యాహ్నం షిఫ్ట్ అడగండి, సాయంత్రం షిఫ్ట్ అయ్యేసరికి రాత్రవుతుంది, డయాలసిస్ అయ్యాక నీరసంతో ఆ టైంలో బస్సెక్కడం కష్టం.